ఇల్లే బండైనప్పుడు – మూడో పాఠం: ఎర్ర డబ్బా మీది అక్షరాలు

కిందటి పాఠంలో ఒక పని అప్పగించాను. రాత్రి దీపాలన్నీ ఆర్పేసి, మంచం దగ్గర నుంచి అత్యవసర కిటికీ దాకా చేత్తో తడుముకుంటూ వెళ్లి, దాని గొళ్లెం తీసి చూడమన్నాను. చేయనివారు ముందు అది చేసి రండి. ఈ రోజు చెప్పుకునే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, అంటే మంటలార్పే ఎర్ర డబ్బా, ఆ కిటికీకి బదులు కాదు.

అమెరికాలో ఆర్‌వీ, అంటే వంటగదీ పడకా ఉన్న ఇల్లులాంటి బండి కొన్నా, వారం రోజులకు అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ జాతీయ పార్కుకు బయలుదేరినా, లోపలికి అడుగు పెట్టగానే తలుపు పక్కన చిన్న ఎర్ర డబ్బా తగిలించి ఉంటుంది. చాలామంది ‘ఉందిలే’ అనుకుని ముందుకు వెళ్లిపోతారు. ఈ పాఠం పూర్తయ్యేదాకా దాన్ని కొక్కెం నుంచి తీసి ఒళ్లో పెట్టుకోండి. మీట నొక్కుకుపోకుండా అడ్డుగా ఉండే పిన్నును మాత్రం ముట్టుకోకండి.

లేబుల్ మీద కొన్ని అంకెలూ అక్షరాలూ కలిపి రాసి ఉంటాయి. ఉదాహరణకు 1-ఎ:10-బి:సి. ‘ఎ’ అంటే చెక్క, గుడ్డ, కాగితం, పరుపులోని ఫోము. ‘బి’ అంటే పెట్రోలు, డీజిల్ వంటి ద్రవాలు, ఆర్‌వీ పొయ్యికి వాడే ప్రొపేన్ వంటి వాయువులు. ‘సి’ అంటే కరెంటు పారుతున్న వైర్లు, పరికరాలు. మనవాళ్లకు ఇక్కడే ఒక చిక్కు ఉంది. భారతదేశంలో ఏ కర్మాగారంలోనో అగ్నిమాపక శిక్షణ పొందినవారు ‘సి’ అంటే గ్యాస్ మంట అని నేర్చుకుని ఉంటారు. అక్కడి వర్గీకరణలో అది నిజమే. అమెరికాలో మాత్రం గ్యాస్ ‘బి’లో చేరుతుంది, ‘సి’ కరెంటుకు వెళ్తుంది. పాత జ్ఞానంతో కొత్త లేబుల్ చదివితే పప్పులో కాలేసినట్టే.

ఇక అంకెలు. ‘ఎ’ ముందున్న ఒక్కో అంకె సుమారు ఒకటింబావు గ్యాలన్ నీటికి, అంటే 4.7 లీటర్లకు సమానమైన శక్తిని చెబుతుంది. ‘బి’ ముందున్నది, శిక్షణ లేని మనిషి ఎన్ని చదరపు అడుగుల మండే ద్రవాన్ని ఆర్పగలడో చెప్పే అంచనా. పది అంటే పొడవూ వెడల్పూ మూడేసి అడుగులకు కాస్త ఎక్కువ, గుమ్మం ముందు వేసే చిన్న ముగ్గంత. ‘సి’కి అంకె ఉండదు. అందులోని పదార్థం గుండా కరెంటు మన చేతికి పాకదని మాత్రమే దాని అర్థం.

ఇప్పుడు మీ ఒళ్లో ఉన్న డబ్బా చూడండి. బండితో పాటు వచ్చినదైతే 5-బి:సి అనో 10-బి:సి అనో ఉండే అవకాశం ఎక్కువ. ‘ఎ’ కనిపించిందా? లేకపోతే తలెత్తి చుట్టూ ఒకసారి చూడండి. ప్లైవుడ్ గోడలు, కర్టెన్లు, ఫోము పరుపు, సోఫా. మీ చుట్టూ ఉన్నదంతా ‘ఎ’నే. బి:సి పొడి కర్టెన్ మీది మంటను ఒక్క క్షణం అణచవచ్చు గానీ, లోపల కనకనలాడే నిప్పు మళ్లీ రాజుకుంటుంది. కాబట్టి లోపల పెట్టుకోవడానికి ఎ, బి, సి మూడూ ఉన్నదే కొనండి. ఈ పాఠంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకుంటానంటే, ఇదే గుర్తుంచుకోండి.

పరిమాణం సంగతి. రెండున్నర పౌండ్ల పొడి పట్టే డబ్బాకు సాధారణంగా 1-ఎ:10-బి:సి ఉంటుంది. పొడి సుమారు పది సెకన్లలో అయిపోతుంది. నోట్లో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి చూడండి. అందులో మొదటి రెండు మూడు సెకన్లు కంగారులో గాలిలోకే పోతాయి. అయిదు పౌండ్లదానికి 3-ఎ:40-బి:సి దొరుకుతుంది, సమయం మరి కాస్త ఉంటుంది, బరువు కూడా పెద్దవాళ్లందరూ మోయగలిగినంతే. నా లెక్కలో అయిదు పౌండ్లవి రెండు కావాలి: తలుపు పక్కన ఒకటి, పడకగది గుమ్మం దగ్గర ఒకటి. మూడోది బయటి సామాన్ల అరలో. పొయ్యి పైన ఎప్పుడూ వద్దు. మంట పొయ్యి మీదే లేస్తే, దాన్ని దాటి చెయ్యి చాపాల్సి వస్తుంది. ఆర్పేవాడి వీపు ఎప్పుడూ తలుపు వైపే ఉండాలి.

పొయ్యి మాట వచ్చింది కాబట్టి మన వంట గురించి. ఇడ్లీకి, ఉప్మాకు భయం లేదు. గారెలకూ బజ్జీలకూ మూకుడు నిండా నూనె కాగుతుంటే మాత్రం ఆ ఇరుకు వంటగదిలో కథ వేరు. నూనె అంటుకుంటే పొయ్యి కట్టేసి మూత పెట్టండి, చల్లారేదాకా తీయకండి. నీళ్లు చుక్క కూడా వద్దు. మూత అందకపోతే ఆరేడు అడుగుల దూరం నుంచి ఎక్స్‌టింగ్విషర్ వాడండి. దగ్గర నుంచి కొడితే ఆ ఉరవడికి మండుతున్న నూనే చిందుతుంది. వేయించే వంటలను క్యాంపు మైదానంలో బల్ల మీదకు మార్చుకోవడం నాకైతే అన్నిటికన్నా తేలికగా తోస్తుంది. ఆరు బయట గారెల రుచి ఎలాగూ వేరు.

ప్రొపేన్ మంటకు పద్ధతి తలకిందులు. గొట్టం నుంచి గ్యాస్ వస్తూ మండుతుంటే, ముందు సిలిండర్ వాల్వు కట్టాలి. వాల్వు కట్టకుండా మంట మాత్రమే ఆర్పితే గ్యాస్ వస్తూనే ఉంటుంది. గాలి కన్నా బరువైనది కాబట్టి నేల మీద పరుచుకుని, నీళ్ల హీటరు నిప్పుకు తగిలితే పేలుతుంది. రాత్రి పడుకోబోయే ముందు ‘సిలిండర్ కట్టావా’ అని మన ఇళ్లలో అమ్మలు అడిగే ప్రశ్న ఇక్కడా పనికొస్తుంది. వాల్వు చేతికి అందకపోతే అందరినీ దించి, దూరంగా వెళ్లి అమెరికా అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి.

గ్యాస్‌తో నడిచే ఆర్‌వీ ఫ్రిజ్ వెనుక గొట్టాల్లో అమ్మోనియా, హైడ్రోజన్ ఉంటాయి. అవి చీలితే మంట లోపల కనిపించకముందే గోడలోకి పాకుతుంది. దాన్ని బయటి జాలీ వైపు నుంచి అందుకోవాలి. బయటి అరలో ఒకటి పెట్టమన్నది అందుకే. ఇంజిన్ మంటయితే మూత పూర్తిగా ఎత్తకండి, గాలి తగిలి భగ్గుమంటుంది. సందులో నుంచే కొట్టండి.

ఎ-బి-సి పొడి మీద ఒక ఫిర్యాదు ఉంది. తేమ తగిలితే అల్యూమినియాన్నీ వైర్లనూ తింటుంది. నిజమే, వాడాక వెంటనే శుభ్రం చేయాలి. అది భరించలేనివారు మరక మిగల్చని వాయువు రకాలు కొంటారు, ధర ఎక్కువ. కార్బన్ డయాక్సైడ్‌ది మాత్రం నేను వద్దంటాను. పరుపు మంటకు అది చాలదు, ఇరుకు గదిలో ఊపిరికీ మంచిది కాదు. లిథియం బ్యాటరీ మండితే పొడితో పైమంట తగ్గినా లోపలి వేడికి మళ్లీ లేస్తుంది. అక్కడ దిగిపోవడమే పని.

పాత బండి కొన్నవారికి ఒక హెచ్చరిక. 2017 నవంబరులో వీటిని తయారుచేసే కిడ్డె సంస్థ అమెరికాలో సుమారు 3.78 కోట్ల ఎక్స్‌టింగ్విషర్లను వెనక్కి పిలిచింది. ప్లాస్టిక్ పిడి ఉన్నవి, బటన్ నొక్కేవి. 1973 నుంచి 2017 సెప్టెంబరు దాకా తయారైన వాటిలో కొన్ని నొక్కినా పొడి రాకుండా మొరాయించవచ్చని తేలింది. అలాంటివి ఆర్‌వీల్లోనూ ఉన్నాయి. పిడి ప్లాస్టిక్‌దైతే మోడల్ నంబరును ఆ జాబితాతో పోల్చి చూడండి. కొత్తది కొనేటప్పుడు లోహపు పిడిదే తీసుకోండి. మళ్లీ నింపే వీల్లేని డబ్బాకు తయారీ తేదీ నుంచి పన్నెండేళ్లే ఆయుష్షు, లోపలి ఒత్తిడి చూపే ముల్లు పచ్చగీతలో ఉన్నా సరే.

ఈ వారం అభ్యాసం. కళ్లు మూసుకుని డబ్బాను కొక్కెం నుంచి పదిసార్లు తీసి తగిలించండి. ఇంట్లో పెద్దవాళ్లందరి చేతా చేయించండి. పిన్ను లాగడం, మంట మొదట్లోకి గురిపెట్టడం, మీట నొక్కడం, చీపురుతో ఊడ్చినట్టు అటూ ఇటూ తిప్పడం – ఈ నాలుగూ పిన్ను తీయకుండానే చేతులతో నటించండి. లేబుల్ మీద ‘ఎ’ లేదని తేలితే ఆ డబ్బాను పారేయకండి. గడువు మిగిలి ఉంటే బయటి అరకు మార్చండి, ఇంజిన్‌కూ గ్రిల్లుకూ పనికొస్తుంది. దాని పాత కొక్కెం మాత్రం కొత్తదానికి సరిపోకపోవచ్చు, కొనేటప్పుడే కొక్కెం కూడా అడగండి.