ముందు తేదీ చూడండి, ఆ తర్వాతే పరిగెత్తండి: తుఫాను రోజుల జాగ్రత్తలు

మొన్న వాన దంచిన రాత్రి తిరుపతిలో మా ఏరియా వాట్సాప్ గ్రూపులో కపిలతీర్థం జలపాతం వీడియో ఒకటి తిరిగింది. "ఇప్పుడే తీసింది, అందరూ జాగ్రత్త" అని కింద రాసుంది. నిజానికి అది 2021 నవంబరుది. దాని వెనకాలే ఒక వాయిస్ మెసేజ్: "చెరువు కట్ట తెగింది, పరిగెత్తండి." ఏ చెరువో చెప్పలేదు. అది విని ఒకాయన పెళ్లాం పిల్లల్ని స్కూటర్ మీద ఎక్కించుకుని చీకట్లో వంక (వాగు) దాకా వెళ్లాడు. కట్ట తెగలేదు గానీ వంక మాత్రం నిజంగానే పారుతోంది. ఎవరో ఆపబట్టి సరిపోయింది.

టార్చి, మందులు, తాగునీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పేది ఒకటే: ఎవరి మాట వినాలో వాన మొదలయ్యాక వెతుక్కోకండి. అప్పటికి కరెంటు ఉండదు, సిగ్నల్ ఉండదు, మిగిలేది ఫార్వర్డులే.

అలాగని ప్రతి కబురునూ కొట్టిపారేయడానికీ లేదు. 2021 నవంబరులో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకేజీ పడితే కింది ఊళ్లను ఖాళీ చేయించారు. కట్ట నిలబడింది. అంతకు రెండు రోజుల ముందే చెయ్యేరు నది మీద అన్నమయ్య డ్యాం కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఏది నిలుస్తుందో ఏది తెగుతుందో ఫోన్లో చూసి తేల్చలేం.

ఎవరిని అడగాలి

వాన ఎంత పడుతుందో చెప్పాల్సింది వాతావరణ శాఖ. అమరావతి కేంద్రం బులెటిన్ మీద తేదీ, గంట ఉంటాయి. అవి లేని ఫొటోను నమ్మకండి. పసుపు రంగంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపంటే వెంటనే చర్య తీసుకోమని. అతి భారీ వర్షం అన్నారంటే 24 గంటల్లో 115 మిల్లీమీటర్లు దాటుతుందని లెక్క. కేంద్ర విపత్తు సంస్థ వాళ్ల సచేత్ యాప్ వేసుకుంటే మీరున్న చోటుకు వచ్చే హెచ్చరికలే చూపిస్తుంది.

రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూం నంబర్లు 1070, 112, 18004250101. ఫోన్లో సేవ్ చేసి వదిలేయకండి, తలుపు వెనక కాగితం మీద రాసి అంటించండి.

చెరువు సంగతి మాత్రం దగ్గరి మనిషికే తెలుస్తుంది. మొరవ (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు) పోతోందా, తూము ఎత్తారా అన్నది నీరుగట్టిని, అంటే చెరువు నీళ్లు చూసుకునే మనిషిని అడగండి, సచివాలయంలో వీఆర్వోను అడగండి. వాళ్ల నంబర్లు ఈ వారమే తీసుకోండి.

ఇక మిగిలినవి

ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ ఊరికి చెప్పారు. ఈ మూడూ లేని మెసేజ్ పంపొద్దు.

ఊరు ఖాళీ చేయమని అధికారులు చెబితే పగలుండగానే కదలండి. బర్రెల పలుపులు విప్పి వదిలేయండి.

స్వర్ణముఖి కాజ్‌వే మీద నీళ్లుంటే దాటొద్దు. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును తేల్చేస్తాయి.

రైల్వే అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిస్తే బండి దించొద్దు. 2021 అక్టోబరులో తిరుపతిలోనే అలా వాహనం మునిగి ఒక కొత్త పెళ్లికూతురు చనిపోయింది. డ్రైవర్ "పర్లేదు సార్" అన్నా దించొద్దు.

పాత వీడియో పెట్టింది మీ బావమరిది అయినా సరే, అడ్మిన్‌గారూ, డిలీట్ కొట్టండి.

మొరవ దగ్గర సెల్ఫీలొద్దు.

తిరుమల ఘాట్ రోడ్డు మూశారని టీటీడీ చెబితే, తెరిచామని కూడా టీటీడీయే చెప్పాలి. ట్యాక్సీవాళ్లు కాదు.

పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నాటువైద్యం దగ్గరికి వెళ్లొద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికే పోండి.

తెగిపడిన కరెంటు తీగ దగ్గరికి పోకండి. 1912కి చెప్పండి.

ఇంట్లోకి వచ్చిన నీళ్లు తగ్గాక మెయిన్ మీరే వేయొద్దు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఆగండి, ఆ రోజుకు ఫ్యాన్ లేకపోయినా ఏమీ కాదు.