విశ్వవిద్యాలయ ల్యాబులో వర్చువల్ యంత్రాలు – 3వ పాఠం: ఒక టెంప్లేట్, అరవై యంత్రాలు

గత పాఠంలో ఉబుంటు సర్వరు మీద కేవీఎమ్ (వర్చువల్ యంత్రాలను నడిపే సాధనం), లిబ్‌వర్ట్ (వాటిని నిర్వహించే సాధనం) ఎక్కించి ఒక వర్చువల్ యంత్రాన్ని, అంటే సాఫ్ట్‌వేరుతో కట్టిన కంప్యూటరును, చేత్తో తయారు చేశాం. ఈ పాఠంలో దాన్నే టెంప్లేట్‌గా, అంటే మిగతావాటికి మూసగా మార్చి, ఒక సెక్షనుకు సరిపడా అరవై యంత్రాలను పుట్టించి, ఆ తరువాత అన్నిటినీ అన్సిబుల్ అనే సాధనంతో ఒకేసారి సవరించడం నేర్చుకుందాం.

అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ 2004లోనే వర్చువల్ కంప్యూటింగ్ ల్యాబ్ అనే వ్యవస్థను నడపడం మొదలుపెట్టింది. విద్యార్థి ఎక్కడున్నా, తనకు కావలసిన సాఫ్ట్‌వేరు ఉన్న యంత్రాన్ని కొన్ని గంటలకు రిజర్వు చేసుకుంటాడు. గడువు తీరగానే ఆ వనరు మరొకరికి అందుబాటులోకి వస్తుంది. మనం కట్టేది దానికంటే ఎంతో చిన్నదైనా పాటించవలసిన నియమం మాత్రం అదే: పాడైన యంత్రాన్ని బాగుచేస్తూ కూర్చోకూడదు, దాన్ని చెరిపేసి మళ్లీ పుట్టించాలి.

ముందుగా మెమరీ లెక్క వేసుకోవాలి. యంత్రానికి 2 జీబీ చొప్పున అరవైకి 120 జీబీ అవుతుంది. సర్వరు సొంత అవసరాలకు మరికొంత వదిలితే 160 జీబీ ఉన్నా పని నడుస్తుంది. ప్రాసెసర్ కోర్లను ఉన్నవాటికంటే ఎక్కువగా పంచినా ఫరవాలేదు, ఎందుకంటే ప్రోగ్రామ్ టైపు చేసే విద్యార్థి కోరును వాడేది బహు తక్కువ. మెమరీ విషయంలో మాత్రం ఆ ధైర్యం చేయవద్దు. అది చాలక సర్వరు స్వాప్‌లోకి (మెమరీకి బదులు వాడే నెమ్మదైన డిస్కు భాగంలోకి) వెళ్లిందంటే ఒక్కరికి కాదు, ల్యాబు మొత్తానికీ పని ఆగిపోతుంది.

ఇక ఈ పాఠంలో అసలు మెలకువ టెంప్లేట్‌ను శుభ్రం చేయడంలో ఉంది. ఉబుంటు ప్రతి యంత్రానికీ ఒక మెషీన్-ఐడీ ఇచ్చి ఈటీసీ డైరెక్టరీలో ఒక ఫైలుగా దాచుకుంటుంది. డిస్కును ఉన్నదున్నట్టు కాపీ చేస్తే ఆ ఐడీ కూడా కాపీ అవుతుంది. నెట్‌వర్క్‌లో ఐపీ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఉబుంటు సర్వరు చిరునామా అడిగేటప్పుడు మామూలుగా ఈ ఐడీ నుంచి తయారైన గుర్తింపునే చూపిస్తుంది కాబట్టి, నెట్‌వర్క్ కార్డుల మ్యాక్ నంబర్లు వేర్వేరుగా ఉన్నా అరవై యంత్రాలూ ఒకే ఐపీ కోసం పోటీపడతాయి. ఒకే ఆధార్ నంబరుతో అరవై మంది రేషన్ దుకాణం ముందు నిలబడినట్టే. లక్షణం తెలియనివారు స్విచ్చినీ కేబుళ్లనీ అనుమానిస్తూ పూట గడిపేస్తారు. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌లో యంత్రాన్ని గుర్తించే హోస్ట్ కీలదీ ఇదే కథ: అన్నిటికీ ఒకే కీ ఉంటే ఏ యంత్రం ఏదో రుజువు చేసే ఆధారమే ఉండదు.

అందువల్ల టెంప్లేట్ యంత్రాన్ని పూర్తిగా షట్‌డౌన్ చేసి, దాని డిస్కు మీద వర్ట్-సిస్‌ప్రెప్ అనే కమాండ్ నడపండి. అది మెషీన్-ఐడీని, హోస్ట్ కీలను, లాగ్ ఫైళ్లను తొలగిస్తుంది. నడుస్తున్న యంత్రం డిస్కు మీద మాత్రం ఎన్నడూ వాడవద్దు, డిస్కు పాడవుతుంది.

తరువాత అరవై డిస్కులు తయారు చేయాలి. 12 జీబీ టెంప్లేట్‌ను పూర్తిగా కాపీ చేస్తే 720 జీబీ కావాలి. దానికి బదులు క్యూకౌ2 అనే డిస్కు ఫార్మాట్‌లో టెంప్లేట్‌ను బ్యాకింగ్ ఫైలుగా (మారకుండా అడుగున ఉండే మూలంగా) చూపించే ఓవర్లే డిస్కులు చేస్తే, ఒక్కొక్కటి మొదట కొన్ని వందల కిలోబైట్లే ఉంటుంది. విద్యార్థి చేసిన మార్పులు మాత్రమే అందులో చేరతాయి. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఓవర్లేలు పుట్టాక టెంప్లేట్‌లో ఏమి మార్చినా అవన్నీ చెడిపోతాయి కనుక, ఆ ఫైలును వెంటనే రీడ్-ఓన్లీ చేయండి.

ఏ యంత్రం పేరు దానికి మొదటి బూట్‌లో క్లౌడ్-ఇనిట్ అనే ప్రోగ్రామ్ ఇస్తుంది. సీఐడేటా అనే లేబుల్ ఉన్న చిన్న ఐఎస్ఓలో (సీడీ లాంటి డిస్కు ఫైలులో) యూజర్-డేటా, మెటా-డేటా ఫైళ్లు పెట్టి యంత్రానికి తగిలించాలి. మెటా-డేటాలో రాసే ఇన్‌స్టెన్స్-ఐడీ ప్రతి యంత్రానికీ వేరుగా ఉండాలి. యూజర్-డేటా మొదటి పంక్తిలో హ్యాష్ గుర్తు, దాన్ని ఆనుకుని క్లౌడ్-కాన్ఫిగ్ అన్న మాట లేకపోతే మిగతా సెట్టింగులేవీ అమలు కావు.

ఇక అన్సిబుల్. ఇది ఎస్ఎస్‌హెచ్ మీదుగా పనిచేస్తుంది, యంత్రాల్లో ప్రత్యేక ఏజెంట్ ప్రోగ్రామ్ అక్కరలేదు. మామూలుగా ఒకసారికి ఐదు యంత్రాలనే పట్టుకుంటుంది కాబట్టి అరవైకి పన్నెండు విడతలు పడుతుంది. ఒకసారికి ఎన్ని యంత్రాలో చెప్పే ఫోర్క్స్ విలువను 20కి పెంచితే మూడు విడతలు చాలు. ప్లేబుక్‌లో (చేయవలసిన పనులు రాసే ఫైలులో) జీసీసీ (సీ కంపైలరు) ప్యాకేజీకి స్థితి 'ప్రెజెంట్' అని రాయండి. 'లేటెస్ట్' అని రాస్తే సెమిస్టర్ మధ్యలో వెర్షన్ మారవచ్చు, ఎక్స్‌టర్నల్ పరీక్ష ముందు అలాంటి మార్పు విద్యార్థులకు అన్యాయం చేస్తుంది.

అభ్యాసం: మూడు ఓవర్లే యంత్రాలతో మొదలుపెట్టి, వాటి మెషీన్-ఐడీలు, ఐపీలు వేర్వేరుగా ఉన్నాయో లేదో చూడండి. ప్లేబుక్‌ను రెండుసార్లు నడపండి; రెండోసారి 'చేంజ్డ్' లెక్క మూడింటికీ సున్నా రావాలి. రాకపోతే ఏ టాస్కు మళ్లీ మళ్లీ మారుస్తోందో వెతకండి, చాలావరకు అది షెల్ కమాండ్‌తో రాసినదై ఉంటుంది. ఆపైన ఒక యంత్రాన్ని చెరిపేసి తిరిగి పుట్టించండి. విద్యార్థుల ఫైళ్లు ఓవర్లేలోనే ఉంటే యంత్రాన్ని చెరిపినప్పుడు దానితోపాటే పోతాయి కాబట్టి, హోమ్ డైరెక్టరీలను ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచే) సర్వరుకు మార్చే నాలుగో పాఠం పూర్తయ్యేవరకు ఈ యంత్రాలను తరగతికి ఇవ్వవద్దు.