పత్రికలతో వచ్చిన ఫ్లాపీలు: చెడిపోయేలోగా కాపీ తీయడం ఎలా

1980లలో ఇంటి కంప్యూటర్ల పత్రికలు ప్రోగ్రాములను రెండు దారుల్లో పాఠకుడికి చేర్చేవి. ఒకటి పుటల్లో అచ్చేసిన లిస్టింగ్, అంటే ప్రోగ్రామ్ పూర్తి పాఠం, దాన్ని కూర్చుని టైప్ చేసుకోవాలి. రెండోది అవే ప్రోగ్రాములు ఎక్కించిన ఫ్లాపీ, టైప్ చేసే ఓపిక లేనివాళ్లకి. కంప్యూట్స్ గెజెట్ పత్రిక డిస్కులు అలాంటివే. 1981లో ఆపిల్ 2 కోసం మొదలైన సాఫ్ట్‌డిస్క్, 1984లో కమడోర్ 64 కోసం వచ్చిన లోడ్‌స్టార్ అయితే కాగితమే లేకుండా డిస్కునే పత్రికగా అమ్మాయి.

ఈ డిస్కులకి మామూలు ఫ్లాపీలకి లేని రెండు వసతులున్నాయి. ఒకే సంచిక వేల కాపీలుగా వెళ్లింది కాబట్టి, మీ కాపీలో పోయిన సెక్టార్, అంటే డిస్కు మీది చిన్న డేటా ముక్క, ఇంకొకరి కాపీలో బాగుండవచ్చు. రెండోది, కాగితపు పత్రికతో వచ్చినవైతే ప్రోగ్రామ్ కాగితం మీద కూడా ఉంది. అందుకే డిస్కు దొరికితే దాని సంచికను కూడా సంపాదించి, రెండింటినీ ఒకే వస్తువుగా చూడండి. చాలా ప్రోగ్రాములకి వాడుక సూచనలు పత్రికలోనే ఉంటాయి, డిస్కులో ఉండవు. కాగితం పోతే ప్రోగ్రామ్ నడుస్తుంది గానీ ఏ మీట నొక్కాలో తెలియదు.

డ్రైవ్‌లో పెట్టకముందు

"ఒకసారి డైరెక్టరీ (ఫైళ్ల జాబితా) చూద్దాం" అని పాత కంప్యూటర్లో పెట్టేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. బలహీనపడ్డ డిస్కుకి మొదటి చదువే ఆఖరిది కావచ్చు, దాన్ని డైరెక్టరీ చూడ్డానికి ఖర్చు చేయకండి. కమడోర్ డిస్కు మీద వాలిడేట్ కమాండ్ అసలే వద్దు. అది ఖాళీ బ్లాకుల పట్టికను తిరగరాస్తుంది, సరిగ్గా మూయని ఫైళ్లను, అంటే డైరెక్టరీలో నక్షత్రం గుర్తుతో కనిపించేవాటిని, చెరిపేస్తుంది.

ముందు రాతను అడ్డుకోండి. 5.25 అంగుళాల డిస్కుకి పక్కనున్న గాటును మూస్తే రక్షణ, 3.5 అంగుళాల దానికి మూల రంధ్రం తెరిచి ఉంటే రక్షణ. రెండూ ఒకదానికొకటి తిరగబడి ఉంటాయి, చేతులు పొరబడేది ఇక్కడే. గాటు మూయడానికి వెలుతురు చొరబడని టేపు వాడండి. కొన్ని డ్రైవ్‌లు గాటును కాంతితో పసిగడతాయి, పారదర్శకమైన టేపు వాటికి కనిపించదు. ఫ్యాక్టరీ నుంచే గాటు లేకుండా వచ్చిన డిస్కు దొరికితే సంతోషించండి, దాని మీద తరవాత ఎవరూ ఏమీ రాసి ఉండకపోవచ్చు.

లేబుల్‌ను, కాగితపు కవరును, సంచిక అట్టను 600 డీపీఐలో, లిస్టింగ్ పుటలను కనీసం 300 డీపీఐలో స్కాన్ చేయండి. అట్టకి అతికించిన జిగురు డిస్కు కవరు మీద మిగిలి ఉంటే కరిగించే ద్రవాలు వాడొద్దు. డిస్కును బయటికి తీసి కొత్త కవరులో పెట్టి, పాతదాన్ని విడిగా దాచండి.

ఇక పరీక్ష. మధ్య రంధ్రంలో వేళ్లు పెట్టి డిస్కును జాకెట్‌లోనే (పైనున్న ప్లాస్టిక్ తొడుగులోనే) మెల్లగా తిప్పుతూ, హెడ్ కిటికీలోంచి, అంటే డ్రైవ్‌లోని చదివే హెడ్డు డిస్కును తాకే సందులోంచి, ఏటవాలు వెలుతురులో రెండు వైపులా చూడండి. తెల్లటి మచ్చలు, మంచు పువ్వుల్లాంటి వలయాలు కనిపిస్తే బూజు. గుండ్రంగా గీత పడి అటుపక్క వెలుతురు కనిపిస్తుంటే అక్కడ డేటా ఉండే ఆక్సైడ్ పూత ఊడిపోయింది. ఆ గీత కింద డేటా లేనట్టే, ఏ డ్రైవూ దాన్ని తిరిగి తేలేదు.

బూజు పట్టిన డిస్కు

బూజుతో డ్రైవ్‌లో పెడితే హెడ్డుకి అంటుకుని ఆ డిస్కును గీకేస్తుంది, తరవాత పెట్టే డిస్కుకీ పాకుతుంది. కాబట్టి కడగాల్సిందే. మాస్కు, గ్లవ్స్ వేసుకుని గాలి ఆడేచోట కూర్చోండి.

5.25 అంగుళాల జాకెట్ పై అంచు మడతను, అంటే లేబుల్ వైపు ఉన్నదాన్ని, అంచు నుంచి 1 మిల్లీమీటరు లోపలగా పదునైన బ్లేడుతో కోయండి. డేటా ఉండే లోపలి గుండ్రటి పళ్లాన్ని తీసేముందు ఏది పై వైపో తెలిసేలా మధ్య రంధ్రం అంచున మార్కరుతో చిన్న చుక్క పెట్టండి. ఇది మరిచిపోతే ఎ వైపు, బి వైపు తారుమారై తరవాత గంటలకొద్దీ గందరగోళం. ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్లో రెండు మూడు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, నూగు రాలని మెత్తటి గుడ్డతో ఒత్తిడి లేకుండా తుడవండి. ఉత్త డిస్టిల్డ్ వాటర్లో మళ్లీ జాడించి, ఎండా వేడిగాలీ తగలకుండా పూర్తిగా ఆరనివ్వండి. కుళాయి నీళ్లు ఆరితే ఉప్పు మరకలు మిగులుతాయి.

మొండి మచ్చలకి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొచ్చు. కానీ ముందు డేటా లేని లోపలి అంచున దూదిపుల్లతో ఒకసారి రాసి చూడండి. దూదికి గోధుమరంగు అంటితే ఆపేయండి. అది మురికి కాదు, పూతే ఊడివస్తోంది.

ఆరిన పళ్లాన్ని పాత జాకెట్‌లోకి పంపొద్దు, దాని లోపలి గుడ్డ నిండా బూజే. పనికిరాని ఖాళీ ఫ్లాపీ ఒకటి కోసి, ఆ జాకెట్‌లో పెట్టి చదవండి. అసలు జాకెట్‌ను లేబుల్ కోసం దాచండి.

చదివే పరికరం

ఇప్పుడు ఎక్కువమంది వాడేది గ్రీజ్‌వీజల్ బోర్డు. పాత పీసీ ఫ్లాపీ డ్రైవ్‌ను యూఎస్‌బీకి కలుపుతుంది. క్రయోఫ్లక్స్, సూపర్‌కార్డ్ ప్రో కూడా అదే జాతి. ఇవి సెక్టార్లను చదవవు. డిస్కు మీద అయస్కాంత దిశ మారిన ప్రతి క్షణానికీ మధ్య ఎంత సమయం గడిచిందో కొలిచి రాసుకుంటాయి. దీన్నే ఫ్లక్స్ ఇమేజ్ అంటారు. ఫ్లక్స్ చేతిలో ఉంటే డీకోడింగ్, అంటే ఆ కొలతల నుంచి డేటా రాబట్టడం, ఎన్నిసార్లయినా, పదేళ్ల తరవాతైనా మళ్లీ చేసుకోవచ్చు. డిస్కును మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

5.25 అంగుళాల డ్రైవ్‌కి 5 వోల్టులతో పాటు 12 వోల్టులు కూడా కావాలి, యూఎస్‌బీ కరెంటు చాలదు. నాలుగు పిన్నుల ప్లగ్ ఉన్న వేరే పవర్ సప్లై పెట్టుకోండి. 34 తీగల కేబుల్ తిరగేసి గుచ్చితే డ్రైవ్ దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది, అలా కనిపిస్తే డిస్కు పెట్టకుండా ముందు కేబుల్ సరిచేయండి. హెడ్డును ఆల్కహాల్ దూదిపుల్లతో తుడిచి, పోయినా ఫరవాలేదనుకునే డిస్కుతో ఒకసారి నడిపి, దాని మీద గీత పడలేదని చూసుకున్నాకే అసలు డిస్కు పెట్టండి. ఒకే హెడ్డున్న పాత డ్రైవ్‌లో అవతలి పక్క ఫెల్ట్ ముక్క ఉంటుంది. దాన్ని ఆల్కహాల్‌తో తడపకండి. అరిగిపోయి గట్టిపడితే మార్చాలి.

1.2 మెగాబైట్ల పీసీ డ్రైవ్ నిమిషానికి 360 చుట్లు తిరుగుతుంది. కమడోర్ 1541 డ్రైవ్ 300, అటారీ 810 అయితే 288. చదవడానికి ఈ తేడా అడ్డు కాదు, డీకోడర్ సరిచూసుకుంటుంది. ఆ పీసీ డ్రైవ్‌లో ట్రాకులు (డిస్కు మీది డేటా వలయాలు) 80, ఇంటి కంప్యూటర్ల డిస్కుల్లో 35 లేదా 40. అందుకని హెడ్డును రెండేసి ట్రాకులు జరపమని చెప్పాలి. చెప్పకపోతే ఒక ట్రాకు వచ్చి తరవాతది చెత్తగా వస్తూ, డిస్కు సగం చెడిపోయిందనిపిస్తుంది.

బి వైపు తలనొప్పి

పత్రిక డిస్కుల్లో చాలావాటికి రెండు వైపులా డేటా ఉంటుంది. అవి రెండు హెడ్ల డ్రైవ్‌లో రాసినవి కావు, డిస్కును తిరగేసి రాసినవి. పీసీ డ్రైవ్ రెండో హెడ్డుతో ఆ వైపును సూటిగా చదవలేం. డేటా వెనకనుంచి ముందుకు వస్తుంది, పైగా రెండో హెడ్డు మొదటిదానికి సరిగ్గా ఎదురుగా కాక కొన్ని ట్రాకులు జరిగి ఉంటుంది. డిస్కును తిరగేసి మొదటి హెడ్డుతోనే చదవాలి. అప్పుడు ఇంకో చిక్కు. జాకెట్‌లో చుట్టును లెక్కపెట్టే ఇండెక్స్ రంధ్రం ఒక పక్కే ఉంటుంది కాబట్టి తిరగేస్తే డ్రైవ్‌కి అది కనిపించదు. ఇండెక్స్ కనిపించకపోతే కొన్ని డ్రైవ్‌లు డేటానే పంపవు. పంపే డ్రైవ్ అయితే గ్రీజ్‌వీజల్లో కృత్రిమ ఇండెక్స్ ఐచ్ఛికం ఉంది, దానికి డ్రైవ్ వేగం చెబితే చాలు. పంపకపోతే జాకెట్‌కి రంధ్రాలు పొడవాలని చూడకండి. పళ్లాన్ని ముందే బయటికి తీసి ఉంటే, వేరే జాకెట్‌లో తిరగేసి పెట్టి చదివితే సరిపోతుంది.

కమడోర్ 1541కి, ఆపిల్ డిస్క్ 2కి ఇండెక్స్ రంధ్రంతో పనిలేదు. 1541ను జూమ్‌ఫ్లాపీ అనే బోర్డుతో యూఎస్‌బీకి కలిపినా, డిస్క్ 2ను ఆపిల్‌సాస్ అనే పరికరంతో కలిపినా బి వైపు సమస్యే రాదు. ఒకే కంప్యూటర్ డిస్కులు గుట్టగా ఉంటే ఈ దారే సుఖం.

చదవడం

చల్లటి గదిలోంచి తెచ్చిన డిస్కును ఒక రోజు మామూలు గదిలో ఉంచాక మొదలుపెట్టండి. ప్రతి ట్రాకుకీ 5 చుట్లు రికార్డు చేయమనండి. డిస్కు తిరిగేటప్పుడు చెవి అక్కడే ఉండాలి. కీచుమన్న శబ్దం వినిపిస్తే వెంటనే తీసేయండి, పూత హెడ్డుకి అంటుకుంటోంది. హెడ్డు తుడిచి, పళ్లెం మీద సైక్లోమెథికోన్ అనే జారుడు ద్రవాన్ని పలుచగా రాసి, తడి ఉండగానే ఒకసారి చదివేస్తే చాలావరకు గట్టెక్కుతుంది. బాగా కనిపించినా సరే, ప్రతి డిస్కు తరవాతా హెడ్డు తుడవడం అలవాటు చేసుకోండి.

చెడ్డగా వచ్చిన ట్రాకులను మాత్రమే 15, 20 చుట్లతో మళ్లీ తీయండి. ఒకసారి బయటి ట్రాకు నుంచి లోపలికి, ఇంకోసారి లోపలి నుంచి బయటికి హెడ్డును తెచ్చి చూడండి. యంత్రంలో ఉండే కొద్దిపాటి వదులు వల్ల హెడ్డు వెంట్రుకవాసి పక్కకి ఆగుతుంది, ఒక్కోసారి అదే కావలసింది. ఇంకో డ్రైవ్ ఉంటే దానితోనూ ప్రయత్నించండి. అంతేగానీ ఒకే ట్రాకు మీద వందసార్లు తిప్పితే ఉన్న పూత కూడా పోతుంది.

వచ్చింది సరైనదేనా

డీకోడ్ చేశాక ముందు ఫైలు పరిమాణం చూడండి. 35 ట్రాకుల కమడోర్ 64 డిస్కుకి 683 సెక్టార్లు, 174,848 బైట్లు. ఎర్రర్ సమాచారం కలిపితే 175,531. ఆపిల్ డాస్ 3.3 డిస్కుకి 143,360. అటారీ సింగిల్ డెన్సిటీకి 92,160, ఏటీఆర్ రకం ఇమేజ్ ఫైలు అయితే ముందు 16 బైట్లు ఎక్కువ. అమీగాకి 901,120.

పరిమాణం సరిపోయిందంటే డేటా సరిపోయినట్టు కాదు. కమడోర్ సెక్టార్‌కి ఉన్న చెక్‌సమ్, అంటే డేటాను సరిచూసే అంకె, ఒకే ఒక్క బైటు, 256 బైట్లను ఎక్స్‌ఆర్ అనే బిట్ లెక్కతో కలిపిన ఫలితం. తప్పు డేటా కూడా అప్పుడప్పుడు ఆ పరీక్షలో నెగ్గుతుంది. అందుకే 5 చుట్లు. చెక్‌సమ్ కుదిరినా చుట్టుకో రకంగా వస్తున్న సెక్టార్‌ను అనుమానించాలి. అదే సంచిక ఇంకో కాపీ దొరికితే రెండు ఇమేజ్‌లను సెక్టార్‌కి సెక్టార్ పోల్చండి, దీన్ని మించిన పరీక్ష లేదు. తేడా 18వ ట్రాకులోనే ఉంటే కంగారు వద్దు. డైరెక్టరీ, ఖాళీ బ్లాకుల పట్టిక అక్కడే ఉంటాయి, ఒక యజమాని ఏదో సేవ్ చేసుకుని ఉంటాడు. ఫ్లక్స్‌లోనూ జాడ దొరుకుతుంది. ఫ్యాక్టరీలో ట్రాకు మొత్తం ఒకే ఊపున రాస్తారు, ఇంట్లో సేవ్ చేస్తే ఒక్కో సెక్టార్ పక్కన రాత మొదలై ఆగిన అతుకు కనిపిస్తుంది.

ఆపైన ఎమ్యులేటర్‌లో (పాత కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రాములో), కమడోర్‌కి వైస్, అటారీకి ఆల్టిరా, ఆపిల్‌కి ఆపిల్‌విన్, డిస్కును చదవడానికి మాత్రమే అనుమతించి, మెనూలో ఉన్న ప్రతి ప్రోగ్రామునూ నడిపి చూడండి.

కాగితంతో అతుకు వేయడం

ఎక్కడా దొరకని సెక్టార్ మిగిలిందనుకోండి. కమడోర్ డిస్కులో ప్రతి సెక్టార్ మొదటి రెండు బైట్లు తరవాతి సెక్టార్ ఎక్కడుందో చెబుతాయి, మిగతా 254 ఫైలు డేటా. ఆ గొలుసు పట్టుకుపోతే పోయిన ముక్క ఏ ప్రోగ్రాములో ఏ వరుసల మధ్యదో తేలుతుంది. వైస్‌తో వచ్చే పెట్‌క్యాట్ అనే పనిముట్టుతో బేసిక్ భాషలోని ఫైలును అక్షరాల్లోకి మార్చి, పోయిన వరుసలను పత్రిక లిస్టింగ్ చూసి టైప్ చేసి, మళ్లీ ఫైలుగా మార్చండి. మెషీన్ కోడ్ అయితే అంకెల వరుసలుగా అచ్చయి, ప్రతి వరుస చివరా చెక్‌సమ్ ఉంటుంది. టైపింగ్ తప్పును అదే పట్టిస్తుంది. అతుకు పడ్డచోట అటూ ఇటూ మిగిలిన బైట్లు కలవాలి. కలవకపోతే డిస్కులో ఉన్నదీ అచ్చులో ఉన్నదీ వేర్వేరు రూపాలు. పత్రికలు అచ్చులో దొర్లిన తప్పులకి తరవాతి సంచికల్లో సవరణలు వేసేవి, వాటిని కూడా వెతికి చూడండి.

అతుకు వేసిన ఇమేజ్‌ను ఎప్పుడూ వేరే పేరుతో పెట్టాలి. ఏ ట్రాకు, ఏ సెక్టార్, ఏ పుట చూసి నింపారో పక్కన టెక్స్ట్ ఫైలులో రాయాలి. అతుకు లేనిదాన్ని చెరిపేయకండి.

దాచడం

ఒక్కో వైపుకి ఒక్కో ఫోల్డర్: ఫ్లక్స్ ఫైలు, డీకోడ్ చేసిన ఇమేజ్, స్కాన్లు, ఏ డ్రైవ్‌తో ఎప్పుడు తీశారన్న నోటు, అన్నిటి షా-256 చెక్‌సమ్‌లు. ఫ్లక్స్ ఫైలు పదుల మెగాబైట్లు ఉంటుంది, స్థలం కోసం దాన్ని తీసేయాలనిపించినా తీయకండి. ఫైలు పేరులో పత్రిక, సంవత్సరం, నెల, వైపు ఈ వరుసలోనే ఉంటే జాబితా దానంతటదే క్రమంలో పడుతుంది. కనీసం మూడు కాపీలు, అందులో ఒకటి వేరే చోట. ఏడాదికోసారి చెక్‌సమ్‌లు మళ్లీ లెక్కించి సరిచూడండి.

అసలు డిస్కులను నిలువుగా, ఒత్తిడి లేకుండా పెట్టెలో పెట్టండి. 18 నుంచి 20 డిగ్రీలు, తేమ 30 నుంచి 40 శాతం ఉంటే మంచిది. స్పీకర్లు, మోటార్లు దగ్గర ఉండకూడదు. లేబుల్ మీద ఏదైనా రాయాల్సి వస్తే విడి కాగితం మీద రాసి కవరులో పెట్టండి. బాల్‌పెన్ ఒత్తిడికి లోపలి పళ్లెం మీద సొట్ట పడుతుంది.