ఖాళీ కోర్టులో మళ్ళీ ఆట మొదలవ్వాలంటే

బయటి కోర్టుల్లో ఎవరొస్తే వాళ్ళతో ఆడే బాస్కెట్‌బాల్ తగ్గిపోయిందని ఫోన్లనే తిట్టక్కర్లేదు. నా లెక్కలో అసలు చిక్కు, వెళ్తే ఆట దొరుకుతుందో లేదో తెలియకపోవడం. ఒకడొచ్చి కాసేపు షాట్లు కొట్టుకుని, ఎవరూ లేరని వెళ్ళిపోతాడు. అరగంటకి ఇంకొకడొస్తాడు. అందుకే వారంలో ఒక రోజు, ఒక టైము ఖాయం చేయండి. ముగ్గురే వచ్చినా మార్చొద్దు.

పదిమంది కోసం ఎదురుచూడటం దండగ. ఆరుగురుంటే సగం కోర్టులో త్రీ ఆన్ త్రీ ఆడొచ్చు. టోక్యో ఒలింపిక్స్‌లో చేర్చిన ఆట అదే. ఆర్క్ (రింగు ముందు నేల మీద గీసే పెద్ద వంపు గీత) లోపలి నుంచి వేసింది పడితే 1, బయటి నుంచైతే 2 పాయింట్లు. అధికారికంగా 21 పాయింట్లకో 10 నిమిషాలకో ముగుస్తుంది. పక్కన జనం కాచుకుని ఉంటే నేను 11కే ఆపిస్తాను. గెలిచినవాళ్ళు ఉంటారు, ఓడినవాళ్ళు తప్పుకుంటారు. తర్వాత ఎవరు దిగాలో వచ్చిన వరుసే తేల్చాలి. మధ్యలో మీ స్నేహితుల్ని దూర్చారో, కొత్తవాళ్ళు మళ్ళీ రారు. ఫౌల్ మీద గొడవ తెగకపోతే ఆర్క్ బయటి నుంచి ఒక షాట్ వేయించండి. పడితే బాల్ షాట్ వేసినవాళ్ళ జట్టుది.

రింగు 10 అడుగుల ఎత్తులో ఉందో లేదో టేపుతో చూసుకోండి. వంగి ఉంటే అది వేలాడే వీరుల పుణ్యమే! నెట్ లేకపోతే కొని కట్టండి. పడిందా లేదా అన్న తగవులు చాలావరకు పోతాయి. సిమెంటు మీదకి రబ్బరు బాలే మంచిది, లెదర్ త్వరగా అరిగిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళ పేరడిగి, మొదటి పాస్ వాళ్ళకే ఇవ్వండి.