పాత ఇటుక ఇంజన్ కొట్టం ఉందా? సిమెంట్ కొట్టకుండా ఇట్లా బాగుచేసుకోండి

కర్నూలులో కేసీ కెనాల్ కింద పొలాలున్నోళ్లకి తెలుసు, కాలవ ఊటకి పల్లపు మళ్లల్లో నీళ్లు నిలిచి చౌడు తేలుతుంది, ఆ నీళ్లు వంకలోకి తోడెయ్యడానికే మా తాత ఇటుకతో ఇంజన్ కొట్టం కట్టించినాడు. ఇంజన్ పోయింది, కొట్టం ఉంది. ఇంగ్లండులో స్ట్రెథమ్ దగ్గర ఇట్లాంటిదే పెద్దది ఉంది, చిత్తడి నేలల నీళ్లు తోడడానికి 1831లో కట్టిన ఆవిరి ఇంజన్ భవనం, ఇంజన్‌తో సహా ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. మన చిన్న కొట్టాలు కూడా నిలబడాలని నా కోరిక.

నేను ముందు తప్పే చేసినా. కింది వరసల ఇటుక రాలుతోందని సిమెంట్ పూత కొట్టిస్తే రెండు వానాకాలాలకే డొల్ల అయింది, వేలితో తడితే డబడబ అంటోంది, ఊడదీస్తే వెనకాల ఇటుకంతా పిండి, దాని మీద తెల్లగా ఉప్పు. నేల చెమ్మ ఉప్పుని మోసుకుంటూ గోడెక్కుతుంది కదా, సున్నమైతే ఆ చెమ్మని బయటికి ఆరనిస్తుంది, సిమెంట్ అడ్డముంటే ఉప్పు ఇటుక లోపలే గట్టిపడి దాన్ని పగలదీస్తుంది.

అందుకే ముందు నీళ్ల సంగతి చూడండి. గోడకానుకొని పేరుకున్న మట్టి తీసెయ్యండి, కప్పు కారేచోట సరిచెయ్యండి. రావి మొక్క మొలిచుంటే పీకొద్దు, వేరుతో పాటు ఇటుకలూ వస్తాయి, మొదలు కోసి వేరు ఎండినాక మెల్లగా తీయండి.

తర్వాత సందుల్లో పాత సున్నం వదులైనంత వరకు ఉలి, సుత్తితో గీకాలి, సందు వెడల్పుకి రెండింతల లోతు చాలు. గ్రైండర్ పెట్టొద్దు, ఇటుక అంచులు పోతాయి.

రాళ్లసున్నం తెచ్చి నీళ్లలో కొంచెం కొంచెంగా వెయ్యండి, బుసబుసా పొంగి ఉడుకుతుంది, కళ్లకి అద్దాలు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. తక్కువలో తక్కువ రెండు వారాలు నానాల, ఎంత నానితే అంత వెన్నలా అవుతుంది. ఒకపాలు సున్నానికి మూడుపాళ్లు జల్లించిన ఏటి ఇసుక, చెమ్మ ఎక్కువుండే కింది వరసలకి ఇసుకలో కొంత తీసి మెత్తటి ఇటుకపొడి కలపండి. గోడ తడిపి, సందులోకి తాపీతో గట్టిగా నొక్కుతూ నింపి, తడి గోనెపట్టాలు వారం రోజులు కట్టి ఉంచండి.

మన ఎండల్లో ఈ పని పెట్టుకోవద్దు, సున్నం పట్టుకునే లోపే ఎండి రాలిపోతుంది, సంక్రాంతికి ముందు చల్లకాలం మంచిది. బేల్దారి "కొంచెం సిమెంట్ కలుపుదాం, తొందరగా గట్టిపడతాది" అంటాడు, దగ్గర నిలబడి వద్దని చెప్పండి.