బ్రహ్మోత్సవాల సరుకు దించుకునే ముందు: కొత్త దుకాణదారులకు లెక్కల జాగ్రత్తలు

తిరుపతిలో ఈ ఏడాదే సొంతంగా దుకాణం తెరిచారా? రద్దీ మొదలైతే పెన్ను పట్టే తీరిక ఉండదు. ఇప్పుడే చూసుకోండి.

• చేబదులు 20,000 రూపాయలు, అంతకు మించి అయితే నగదుగా తీసుకోవద్దు. బ్యాంకు ద్వారానే తీసుకోండి, తిరిగి తీర్చేటప్పుడూ అంతే. లేదంటే తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు.

• సరుకు ఇచ్చినవారిలో ఏ ఒక్కరికైనా ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే, ఆదాయపు పన్ను లెక్కలో అది ఖర్చుగా చెల్లదు. పొద్దున సగం, సాయంత్రం సగం ఇచ్చినా ఒకే రోజు కిందకే వస్తుంది.

• దుకాణానికి వేరే ఖాతా, వేరే క్యూఆర్ కోడ్. నా మొదటి ఏడాది ఇంటికీ దుకాణానికీ ఒకటే. బావమరిది పంపిన 15,000 అమ్మకమో అప్పో తేల్చడానికి ఒక ఆదివారం మొత్తం పోయింది. ఇంట్లో మాటలు అదనం.

• యంత్రం నుంచి వచ్చే నున్నటి బిల్లుకు ఆ రోజే ఫోటో తీయండి. గల్లాపెట్టె మీద ఎండ తగిలేచోట గుచ్చి ఉంచితే కొన్నాళ్లకు తెల్ల కాగితమే మిగులుతుంది. ఆటోకు, హమాలీలకు బిల్లు ఉండదు కాబట్టి చీటీ రాసి సంతకం పెట్టించుకోండి.

• గల్లా నుంచి ఇంటికి తీసిన డబ్బు ఖర్చు కాదు, సొంత వాడకం. విడిగా రాయండి.

• నెలనెలా అమ్మకాలు కూడండి, నగదు కూడా కలిపి. సరుకు మాత్రమే అమ్మేవారికి ఏడాదిలో 40 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు.