కోర్సు అయిపోతోందా? కౌన్సిల్ టాక్స్ బెయిలిఫ్ తలుపు తట్టకముందే ఇవి చూసుకోండి

మన ఊళ్లో అద్దెకుండేవాళ్లు ఇంటి పన్ను గురించి ఆలోచించరు. అది ఓనర్ గొడవ. మున్సిపాలిటీ వాళ్లు వచ్చినా "ఓనర్ ఎక్కడ" అని అడిగి వెళ్లిపోతారు. ఇంగ్లండ్‌కి చదువుకోడానికి వచ్చిన మనవాళ్లు చాలామంది అదే లెక్కలో ఉండిపోతారు, ఇక్కడేమో లెక్క తిరగబడి ఉంటుంది: కౌన్సిల్ టాక్స్, అంటే ఇక్కడి మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్ వేసే ఇంటి పన్ను, మామూలుగా ఆ ఇంట్లో ఉండేవాళ్లే కట్టాలి. చదువుకునే ఏడాదంతా మినహాయింపు ఉంటుంది కాబట్టి ఆ మాటే వినబడదు, ఎవరైనా అన్నా "స్టూడెంట్స్‌కి లేదులే" అని వదిలేస్తాం. కోర్సు అయిపోయిన మర్నాటి నుంచి మాత్రం మీటర్ తిరుగుతుంది. సెప్టెంబర్‌లో కోర్సు ముగిసి, పోస్ట్ స్టడీ వీసాకి అప్లై చేసి, ఉద్యోగం కోసం ఇంకా తిరుగుతున్న వాళ్ల కోసం ఇది. చెప్పేదంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లండ్‌లో బెయిలిఫ్‌ల (బాకీ వసూలుకి ఇంటికొచ్చి సామాను జప్తు చేసే ఏజెంట్ల) బదులు షెరిఫ్ ఆఫీసర్లు ఉంటారు, అక్కడి పద్ధతి వేరు.

నేనూ ఇందులో పడినవాణ్ణే. డిసెంబర్‌లో కాన్వొకేషన్ అయ్యేదాకా స్టూడెంట్‌నే అనుకున్నాను. యూనివర్సిటీ లెటర్‌లో కోర్సు ఆఖరి తేదీ సెప్టెంబర్ అని ఉంది, ఆ కాగితాన్ని నేను చూసింది ఒకే ఒక్కసారి, అదీ వచ్చిన రోజు. దానికి తోడు బ్యాంకు అకౌంట్‌కి అడ్రస్ ప్రూఫ్ కావాలని కౌన్సిల్ టాక్స్ నా పేరు మీద పెట్టించుకున్నాను. జనవరిలో వేరే ఊళ్లో ఉద్యోగం వస్తే రెండు సూట్‌కేసులు పట్టుకుని వెళ్లిపోయాను, కౌన్సిల్‌కి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. పాత ఇంట్లో మిగిలిన తమ్ముళ్లు నాకొచ్చిన కవర్లన్నీ బుద్ధిగా షూ ర్యాక్ మీద పేర్చి, ఏప్రిల్‌లో "అన్నా నీకేవో లెటర్లు వచ్చాయి" అని వాట్సాప్‌లో ఫొటో పెట్టారు. అప్పటికి అందులో రిమైండర్ ఉంది, కోర్టు సమన్లు ఉన్నాయి, పైన బెయిలిఫ్ కంపెనీ నోటీసూ ఉంది.

అందుకే మొదటి జాగ్రత్త కాగితాల దగ్గరే. కోర్సు ముగిసే నెలలో యూనివర్సిటీ ఇచ్చిన కౌన్సిల్ టాక్స్ మినహాయింపు లెటర్ తీసి ఆఖరి తేదీ ఏముందో చూడండి. కాన్వొకేషన్ తేదీకీ, రిజల్ట్ వచ్చిన రోజుకీ, వీసా గడువుకీ దీనితో సంబంధం లేదు. డిసర్టేషన్‌కి ఎక్స్‌టెన్షన్ వచ్చినా, ఏదైనా సబ్జెక్టు మళ్లీ రాయాల్సి వచ్చినా, ఫుల్ టైమ్ విద్యార్థిగా లెక్కేస్తున్నారో లేదో యూనివర్సిటీని అడిగి కొత్త లెటర్ తీసుకోండి. మన నోటిమాట కౌన్సిల్ నమ్మదు.

తర్వాత ఇంట్లో ఎవరెవరు ఉన్నారో చూసుకోండి. అందరూ ఫుల్ టైమ్ స్టూడెంట్లయితే ఇల్లు మొత్తానికి మినహాయింపు. నలుగురిలో ఒక్కరి కోర్సు అయిపోతే బిల్లు 25 శాతం తగ్గింపుతో వస్తుంది, అదీ ఆ ఒక్కరి మీదే పడుతుంది, మిగతా ముగ్గురు స్టూడెంట్ల మీద చట్టప్రకారం బాధ్యత ఉండదు. స్నేహం కొద్దీ పంచుకుంటే అది మీ ఇష్టం. ఇద్దరి కోర్సులు అయిపోతే ఆ తగ్గింపు కూడా పోతుంది. ఇళ్లని విలువని బట్టి బ్యాండ్లుగా విడదీస్తారు; 2025-26లో ఇంగ్లండ్‌లో మధ్యలో ఉండే డి బ్యాండ్ ఇంటికి సగటున ఏడాదికి 2,280 పౌండ్లు, కాబట్టి ఇదేదో చిల్లర ఖర్చు అనుకోకండి. గదుల వారీగా వేర్వేరు అగ్రిమెంట్లతో అద్దెకిచ్చే ఇల్లయితే సాధారణంగా పన్ను ఓనర్ కట్టాలి. ఇక్కడే "అద్దెలో బిల్లులన్నీ కలిపే భయ్యా" అనే మాట నమ్మి మోసపోయేది. బిల్లులంటే కరెంటు, గ్యాసు, నీళ్లు, వైఫై అని తర్వాత చెబుతారు. కౌన్సిల్ టాక్స్ కూడా కలిపేనని అగ్రిమెంట్‌లోనో, కనీసం మెసేజ్‌లోనో రాయించుకోండి.

భార్యనో భర్తనో డిపెండెంట్‌గా తెచ్చుకున్నవాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. బ్రిటిష్ పౌరసత్వం లేని స్టూడెంట్ జీవిత భాగస్వామికి, పని చేయడానికి గానీ ప్రభుత్వ బెనిఫిట్లు తీసుకోడానికి గానీ వీసా షరతు అడ్డుగా ఉంటే, వాళ్లని కూడా లెక్కలోంచి తీసేస్తారు. బెనిఫిట్లు లేవనే షరతు ఉన్నా చాలు. పార్ట్‌నర్ ఉద్యోగం చేస్తున్నారని కౌన్సిల్ బిల్లు పంపితే నోరుమూసుకుని కట్టేయకుండా, ఈ నిబంధన చూపించి అడగండి. ఒంటరిగా ఉండేవాళ్లకి వచ్చే 25 శాతం తగ్గింపు కూడా వీసా మీద ఉన్నవాళ్లు నిరభ్యంతరంగా తీసుకోవచ్చు, అది ప్రభుత్వ బెనిఫిట్ కింద రాదు. కానీ తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల కోసం కౌన్సిల్ టాక్స్ రిడక్షన్ అని ఇంకో స్కీమ్ ఉంటుంది, అది బెనిఫిట్ల కిందే వస్తుంది. వీసాలో బెనిఫిట్లు లేవని ఉంటే దాని జోలికి వెళ్లకండి. పేర్లు ఒకేలా ఉంటాయి, ఆన్‌లైన్ ఫారం నింపేటప్పుడు ఒకటికి రెండుసార్లు చదవండి.

ఇప్పుడు అసలు కథ, లెటర్లు. బిల్లు మామూలుగా ఏప్రిల్ నుంచి జనవరి దాకా 10 వాయిదాలుగా వస్తుంది. అడిగితే 12 వాయిదాలు చేస్తారు, అడగడానికి మొహమాటం ఎందుకు? ఒక వాయిదా తప్పితే రిమైండర్ వస్తుంది, 7 రోజులు టైమిస్తారు. ఆలోగా కడితే మళ్లీ వాయిదాల దారిలోకి వస్తారు. కట్టకపోతే, ఇంకో 7 రోజులు దాటాక ఏడాదికి మిగిలిన మొత్తమంతా ఒకేసారి కట్టాల్సిందే. అదీ కట్టకపోతే మేజిస్ట్రేట్ కోర్టు నుంచి సమన్లు, ఖర్చుల పేరుతో ఇంకొంత. తర్వాత లయబిలిటీ ఆర్డర్, అంటే ఈ బాకీ మీరు కట్టాల్సిందేనని కోర్టు ఇచ్చే ఉత్తర్వు. ఇది చేతిలో ఉంటే కౌన్సిల్ మీ జీతంలోంచి కోయించవచ్చు, లేదా బెయిలిఫ్‌లకి అప్పజెప్పవచ్చు. ఇప్పుడు వాళ్ల అధికారిక పేరు ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంట్లు, జనం మాత్రం ఇంకా బెయిలిఫ్ అనే అంటారు.

ఏ మెట్టు దగ్గరైనా కౌన్సిల్‌కి ఫోన్ చేసి, లేదా మెయిల్ పెట్టి, నెలకి ఎంత కట్టగలరో చెప్పండి. మెయిల్ అయితే మంచిది, సాక్ష్యం ఉంటుంది. ఎంత పైమెట్టుకి వెళ్తే అంత ఖర్చు. కేసు బెయిలిఫ్ చేతికి వెళ్లగానే 75 పౌండ్లు, మనిషి ఇంటికొస్తే ఇంకో 235, బాకీ 1,500 దాటితే ఆ పైమొత్తం మీద 7.5 శాతం, సామాను అమ్మే దాకా వెళ్తే మరో 110. ఇవి 2014 నిబంధనల్లో పెట్టిన రేట్లు, మీ నోటీసు మీద ఉన్నది కూడా చూసుకోండి. అంటే 160 పౌండ్ల ఒక వాయిదా పట్టించుకోని మనిషి ఒక్క విజిట్‌తో 310 ఫీజు అదనంగా కడతాడు. జీతంలోంచి కోయిస్తే ఆఫీసులో తెలిసిపోతుందని సిగ్గుపడతారు చాలామంది, కొత్త ఉద్యోగం కదా. నన్నడిగితే పరువు కన్నా 310 పౌండ్లు ఎక్కువ. లయబిలిటీ ఆర్డర్ అయిపోయి, కేసు ఇంకా బెయిలిఫ్‌కి వెళ్లకపోతే, "నా జీతంలోంచి తీసుకోండి" అని మీరే కౌన్సిల్‌ని అడగండి.

బెయిలిఫ్ నోటీసు వచ్చిందంటే కనీసం 7 పూర్తి రోజులు చేతిలో ఉంటాయి, ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. పోగొట్టుకోకూడనిది ఈ వారమే. కట్టగలిగితే కట్టేయండి, లేదంటే వాయిదాల ప్రతిపాదన పెట్టండి. అప్పు ఇదొక్కటే కాకుండా క్రెడిట్ కార్డు, లోను అన్నీ కలిసి మెడకి చుట్టుకుని ఉంటే సిటిజన్స్ అడ్వైస్, స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్ లాంటి చోట్ల ఉచితంగా సలహా ఇస్తారు. డెట్ అడ్వైజర్ ద్వారా బ్రీతింగ్ స్పేస్ అనే రక్షణ అడగవచ్చు, 2021 మే నుంచి ఉంది. దొరికితే 60 రోజులు బెయిలిఫ్ ఆగాలి, కౌన్సిల్ టాక్స్ బాకీ కూడా అందులోకి వస్తుంది.

వారం గడిచిపోయి మనిషే వచ్చేస్తే? మన అలవాటే మనకి శత్రువు. ఎవరైనా తలుపు తడితే తీస్తాం, యూనిఫాం లాంటిది వేసుకుని కాగితాలు పట్టుకుని ఉంటే ఇంకా కంగారుగా తీసి, "లోపలికి రండి సార్, కూర్చోండి" అంటాం. ఆ ఒక్క మాటతో అతనికి దారి దొరికింది. కౌన్సిల్ టాక్స్ బాకీకి మొదటిసారి వచ్చిన బెయిలిఫ్ తలుపు బద్దలు కొట్టలేడు, మిమ్మల్ని తోసుకుని రాలేడు, తలుపు సందులో కాలు పెట్టలేడు. తీసి ఉన్న తలుపులోంచి, లేదా మీరు రమ్మంటే మాత్రం రావచ్చు. కాబట్టి తలుపు తీయకండి. కిటికీలోంచో తలుపు వెనక నుంచో మాట్లాడండి: మీ పేరేంటి, ఏ కంపెనీ, ఏ కౌన్సిల్ తరఫున, కాగితాలు లెటర్‌బాక్స్‌లో వేయండి, నేను కౌన్సిల్‌తో మాట్లాడతాను. అంతే. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఉదయం 6 నుంచి రాత్రి 9 మధ్యే రావాలి, ఇంట్లో 16 ఏళ్లలోపు పిల్లలు తప్ప పెద్దలెవరూ లేకపోతే లోపలికి రాకూడదు. "తాళాలు తీసేవాణ్ణి తెస్తా, పోలీసుల్ని పిలుస్తా" అని బెదిరించేవాళ్లున్నారు. పోలీసులు వచ్చినా గొడవ జరగకుండా చూస్తారు గానీ అతని తరఫున వసూలు చేయరు.

ఇవన్నీ రూమ్‌మేట్లకి ముందే చెప్పి పెట్టండి. మీరు లేనప్పుడు తలుపు తీసేది వాళ్లే. కొత్తగా దిగిన తమ్ముడు డెలివరీ అనుకుని తీస్తే మీ జాగ్రత్తలన్నీ గాలికి పోతాయి. వెనక తలుపు గడియ కూడా చూడమనండి.

లోపలికి వచ్చేశాడనుకోండి, కంట్రోల్డ్ గూడ్స్ అగ్రిమెంట్ అని ఒక కాగితం మీద సంతకం అడుగుతాడు. టీవీ, ల్యాప్‌టాప్, సైకిల్ రాసుకుని, వాయిదాలు కడుతూ ఉంటే ఇక్కడే ఉంచుతాం అంటాడు. ఇది మామూలు వాయిదాల ఒప్పందంలా కనిపిస్తుంది కానీ కాదు. సంతకం పెట్టి వాయిదా తప్పితే, ఈసారి ముందు నోటీసిచ్చి బలవంతంగా కూడా లోపలికి రావచ్చు. స్టవ్, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మంచాలు లాంటి నిత్యావసరాలు తీసుకెళ్లకూడదు. పనికీ చదువుకీ కావాల్సిన వస్తువులకి మొత్తం 1,350 పౌండ్ల వరకు రక్షణ ఉంది. వేరేవాళ్ల సామాను ముట్టుకోకూడదు, అందుకే రూమ్‌మేట్లు తమ ల్యాప్‌టాప్, ఫోన్ కొన్న రసీదులు దాచుకుంటే మంచిది. లోపలికి రానివ్వకపోయినా బయట ఉన్న కారు వాళ్లకి సులువు, ఇంటి ముందున్నా రోడ్డు మీదున్నా కదలకుండా చక్రానికి క్లాంప్ వేసేస్తారు. డెలివరీ పని చేసుకునేవాళ్లకి కారు పోతే తిండి పోయినట్టే, నోటీసు వచ్చిన రోజే ఆ సంగతి ఆలోచించండి.

దొంగ బెయిలిఫ్‌లూ ఉన్నారు. ఫోన్ చేసి "ఇంకో గంటలో మనిషి వస్తున్నాడు, ఇప్పుడే ఈ అకౌంట్‌కి ట్రాన్స్‌ఫర్ చెయ్" అంటే ఫోన్ పెట్టేయండి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి మీరే చేసి నిజంగా బాకీ ఉందా, ఏ కంపెనీకి ఇచ్చారు అని అడగండి. అసలు బెయిలిఫ్‌కి కోర్టు ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి, వాళ్ల పేర్లున్న రిజిస్టర్ ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడవచ్చు.

అందరూ గుసగుసగా అడిగేది జైలు గురించి. ఇంగ్లండ్ చట్టంలో గరిష్ఠంగా 3 నెలలు అని ఉంది, వేల్స్‌లో 2019లోనే ఎత్తేశారు. కానీ కావాలనే ఎగ్గొట్టారనో, తప్పుపట్టదగ్గ నిర్లక్ష్యం చేశారనో మేజిస్ట్రేట్ విచారించి తేల్చాలి, బెయిలిఫ్ వచ్చి పట్టుకుపోయేది కాదు. లయబిలిటీ ఆర్డర్ కౌంటీ కోర్టు తీర్పులా క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కదు. అలాగని ఇండియాకి వెళ్లిపోతే బాకీ మాసిపోతుందనీ అనుకోకండి.

నా విషయం చివరికి ఇలా అయింది. ఇల్లు ఖాళీ చేసిన తేదీకి రుజువుగా కొత్త ఊరి అద్దె అగ్రిమెంట్, మొదటి జీతం స్లిప్పు, పాత ఓనర్ మెయిల్ జతచేసి కౌన్సిల్‌కి రాశాను. లెటర్లు పాత అడ్రస్‌కి వెళ్లాయి, కేసు బెయిలిఫ్ దగ్గర నుంచి వెనక్కి తీసుకోండి అని అడిగాను. వాళ్లు మొదట "ఏజెంట్‌తోనే మాట్లాడుకోండి" అన్నారు, అందరికీ ఇదే చెబుతారు, కానీ వెనక్కి తీసుకునే అధికారం కౌన్సిల్‌కి ఉంది. ఫిర్యాదు రాస్తాను, పరిష్కారం కాకపోతే కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ ఆంబుడ్స్‌మన్ దాకా వెళ్తాను అని రెండో మెయిల్ పెట్టాక తీసుకున్నారు. నేను వెళ్లిపోయాక పడిన నెలలు కొట్టేశారు, అక్టోబర్ నుంచి జనవరి దాకా నిజంగా బాకీ ఉన్నది మూడు వాయిదాల్లో కట్టాను. ఇల్లు మారేటప్పుడు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో తేదీ చెప్పడానికి పది నిమిషాలు చాలు, పాత అడ్రస్‌కి వచ్చే ఉత్తరాలు కొత్త అడ్రస్‌కి పంపేలా రాయల్ మెయిల్‌లో రీడైరెక్షన్ పెట్టుకోడానికి కొంచెం డబ్బవుతుంది. రెండూ చేయండి. షూ ర్యాక్ మీద మీ పేరుతో కవరేదైనా ఉందేమో పాత ఇంటి గ్రూపులో ఇవాళే ఒకసారి అడగండి.